దీవెనమ్మ ఎసరు

ముందే చెబుతున్నాను. ఈ కథలో ఏది ముందు జరిగిందో, ఏది వెనక జరిగిందో నేను అటూ ఇటూ చేస్తే చేస్తాను. బావి మాత్రం మారదు, పిడికెడు మారదు, ఎసరు మారదు. అవి మూడూ పట్టుకుని వినండి, కథ మీకే దొరుకుతుంది.

అనగనగా అంటే ఎప్పుడనగా? మా అమ్మమ్మ చిన్నపిల్లగా ఉన్నప్పుడు వాళ్ళ అమ్మమ్మ "అదెప్పటి మాటో" అన్నదే, అప్పుడనగా. మాచేరు అనే ఏటి ఒడ్డున తంగేడుపల్లె అని ఒక పల్లె ఉండేది. పల్లె నడుమ తాటాకులు కప్పిన ప్రార్థన గుడి ఉండేది. ఆ పల్లెలో దీవెనమ్మ అని ఒక ముసలామె ఉండేది.

దీవెనమ్మకు పొలం లేదు, పుట్ర లేదు, చదువు లేదు. ఒక కొడుకు, ఒక కోడలు, ఒక వెడల్పు మూతి కుండ, అంతే.

ఆ కుండతోనే ఆమె పని. ఆ పల్లెలో ఆడవాళ్ళు అన్నం వండబోయే ముందు ఒక పిడికెడు బియ్యం తీసి, దేవుడి పేరు చెప్పి, ఒక పక్కన పెట్టేవాళ్ళు. రోజూ పిడికెడు. శనివారం వచ్చేసరికి దీవెనమ్మ కుండ చంకన పెట్టుకుని గడప గడపకీ వెళ్ళేది. "పిడికెడమ్మా, పిడికెడు!" అని పిలిచేది. ఆ బియ్యంతోనే గుడి దీపానికి నూనె, గుడి కప్పుకి తాటాకు, లేనివాళ్ళకి ఒక పూట గంజి.

ఇంకొక అలవాటు కూడా ఉండేది ఆమెకు. రోజూ పొద్దున్నే పొయ్యి మీద ఎసరు పెట్టి, ఎదురుగా పీట వేసుకుని కూర్చునేది. "ప్రభువా, ఇవాళ నన్నేం చెయ్యమంటావు?" అని ఒక్క మాట అడిగేది. అడిగి నోరు మూసుకునేది. ఎసరు మసిలేదాకా మళ్ళీ నోరు తెరిచేది కాదు. మసిలాక బియ్యం పోసి, కొంగు దులుపుకుని లేచేది.

"అడిగాను. ఆగాను. ఇక అడుగేస్తాను." లేచేటప్పుడు రోజూ ఇదే మాట.

ఇరుగుపొరుగు నవ్వేవాళ్ళు. "ఏమక్కా, ఎసరు కాగేలోపు దేవుడు జవాబు చెప్పకపోతే ఏం చేస్తావు?" అనేవాళ్ళు.

"నిన్న చెప్పింది ఉందిగా, అది చేస్తాను" అనేది.

"పచ్చికట్టెలు మండక ఎసరు ఎంతకీ కాగకపోతేనో?"

"ఆ రోజు దేవుడికి ఎక్కువసేపు దొరుకుతాను."

"చెవిలో చెబుతాడా అక్కా? గొంతు ఎట్టా ఉంటది?"

దీవెనమ్మ చెప్పేది. "గొంతు కాదే. మర్చిపోయింది గుర్తొచ్చినట్టు ఉంటది."

ఇప్పుడు బావి సంగతి చెప్పాలి. అది ముందే చెప్పాల్సింది.

తంగేడుపల్లెకు పెద్ద జెకరయ్య. చదువుకున్నవాడు. ఆదివారం గుడిలో గ్రంథం చదివేది ఆయనే, తగవులు తీర్చేదీ ఆయనే. మంచివాడే, కానీ పట్టుదల మనిషి. ఆయన తమ్ముడు గిద్దయ్య. ఇద్దరికీ దీవెనమ్మ వరసకి వదిన. వాళ్ళ నాన్న పోతూ పోతూ ఆస్తి పంచాడు. పల్లెలో ఇల్లు, మెట్టపొలం జెకరయ్యకి. మిట్టకు అవతల పల్లపుపొలం, అందులో రాతి బావి గిద్దయ్యకి.

"ఆ బావికి రాళ్ళు మోసింది నేను" అన్నాడు జెకరయ్య.

"పంచింది నాన్న, నేను కాదు" అన్నాడు గిద్దయ్య.

"అయితే ఇది విను. ఆ బావి నీళ్ళు నా గొంతు దిగవు. నా మాట మీద ఉండేవాళ్ళెవరి గొంతూ దిగవు. తాగినవాళ్ళకి ఈ పల్లెలో చోటు లేదు."

పెద్ద మాట కదా. పల్లె అంతా తలూపింది. గిద్దయ్య పెళ్ళాన్ని తీసుకుని మిట్ట అవతల ఇల్లు కట్టుకున్నాడు. గుడికి రావడం మానేశాడు. దీవెనమ్మ కుండ కూడా మిట్ట ఇవతలే ఆగిపోయింది. ఏళ్ళు గడిచాయి. గిద్దయ్య ఇల్లు అనేదొకటి ఉందని పల్లె మర్చిపోయినట్టే నటించింది. నటించి నటించి నిజంగానే మర్చిపోయింది.

అప్పుడొచ్చింది కరువు. మొదటి ఏడు పంట పోయింది. రెండో ఏడు గొడ్లు పోయాయి. మూడో ఏడు ఏరే పోయింది. ఇసకలో చెలమ తవ్వుకుని, ఊరే నీటికోసం కాచుకుని, ముంతతో తోడుకునేవాళ్ళు. మగవాళ్ళలో కొందరు ముందే కాలవల దేశానికి కూలికి పోయారు. దీవెనమ్మ కొడుకూ పోయాడు. కోడలు సలోమి నెలలు నిండి ఇంట్లో ఉంది.

జెకరయ్య పల్లెను గుడిలోకి పిలిచాడు. "పల్లె ఖాళీ చేసి కాలవల దేశానికి పోదామా, ఇక్కడే ఉందామా? మన బుర్రలతో తేల్చొద్దు. దేవుణ్ణి అడుగుదాం" అన్నాడు.

అందరూ సరేనన్నారు. జెకరయ్య కళ్ళు మూసుకుని, గ్రంథం తెరిచి, వేలు పెట్టాడు. వేలు ఎక్కడ పడితే అదే దేవుడి మాట అని ఆ పల్లె నమ్మకం.

మొదటిసారి వేలు పెట్టాడు. విడిపోయిన అన్నదమ్ములు మళ్ళీ కలుసుకుని మెడలు కావిలించుకున్న చోట పడింది. గుడిలో ఎవరో దగ్గారు.

"గాలికి కాగితం తిరిగింది" అన్నాడు జెకరయ్య.

రెండోసారి వేలు పెట్టాడు. ఎవరు ఎవరికి పుట్టారో చెప్పే పేర్ల వరస మీద పడింది. చదివీ చదివీ ఆయనకే విసుగొచ్చింది.

మూడోసారి వేలు పెట్టాడు. గుడారాలు పీకి జనమంతా ప్రయాణమైన చోట పడింది.

"అదీ!" అన్నాడు జెకరయ్య. "దేవుడు తేల్చాడు. ఆదివారం ఆరాధన కాగానే అందరూ బయలుదేరడమే."

దీవెనమ్మ వెనక వరసలో కూర్చుని ఉంది. "మరి మొదట పడ్డదాని సంగతేంటి నాయనా?" అంది.

"గాలికి తిరిగిందన్నానుగా వదినా!"

"గాలెక్కడుంది? తాటాకు కదిలి ఎన్నాళ్ళయింది?"

మగవాళ్ళు తువ్వాళ్ళు నోటికి అడ్డం పెట్టుకున్నారు. జెకరయ్య గ్రంథం మూసేశాడు.

దీవెనమ్మ ఇంటికొచ్చి కోడలిని చూసింది. సలోమి గోడకి జారగిలబడి, రెండు చేతులూ పొట్ట మీద వేసుకుని కూర్చుంది. ఈ పిల్ల కాలవల దేశందాకా నడవలేదు. నడిస్తే దారిలోనే నొప్పులొస్తాయి. పోనీ ఉందామంటే, ఉట్టి పల్లెలో పురుడు పోసే మనిషి ఉండదు, నీళ్ళు ఉండవు. వెళ్తే పిల్లకు గండం, ఉన్నా పిల్లకు గండం.

మర్నాడు పొద్దున్నే ఎసరు పెట్టింది. "నీళ్ళే లేకపోతే ఎసరేంటి అత్తా?" అంది సలోమి. "జావకైనా ఎసరు కావాలిగా" అంది దీవెనమ్మ. అర కుండ నీళ్ళు పోసింది. పీట మీద కూర్చుంది.

"ప్రభువా, వెళ్ళమంటావా, ఉండమంటావా?"

అడిగి నోరు మూసుకుంది. పొయ్యి చిటపటలాడింది. ఏ మాటా రాలేదు. ఒక్కటి మాత్రం గుర్తొచ్చింది. *గిద్దయ్య ఇంటి పిడికెడు తేలేదు.*

"ఇదేంటి? నేనడిగిందేంటి, గుర్తొచ్చిందేంటి?" అనుకుంది. జావ కాచి లేచింది.

రెండో పొద్దు పావు కుండ నీళ్ళే ఉన్నాయి. పీట మీద కూర్చుంది. "ప్రభువా, నిన్న నీకు సరిగ్గా చెప్పలేదేమో. బియ్యం సంగతి కాదు, పిల్ల సంగతి. వెళ్ళమంటావా, ఉండమంటావా?"

అడిగి నోరు మూసుకుంది. *గిద్దయ్య ఇంటి పిడికెడు తేలేదు.*

"ముసలిబుర్ర, ఒకటంటే ఒకటి గుర్తొస్తది" అని తనని తానే తిట్టుకుంది.

మూడో పొద్దు శనివారం. కుండ అడుగు తడిసేన్ని నీళ్ళు ఉన్నాయి. ఆ రోజు దీవెనమ్మ ఏమీ అడగలేదు. కూర్చుంది, అంతే. *గిద్దయ్య ఇంటి పిడికెడు.* అడుగున ఉన్న నీళ్ళు ఊరికే మసిలాయి.

"సరే" అంది దీవెనమ్మ. "ఇది వెళ్ళడమూ కాదు, ఉండడమూ కాదు. అయినా చెప్పింది ఇది కదా. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకే చూస్తాం, కుండంతా కెలకం. నాకీ మెతుకు చాలు." కొంగు దులుపుకుని లేచింది. "అడిగాను. ఆగాను. ఇక అడుగేస్తాను."

కుండ చంకన పెట్టుకుని మిట్టకేసి నడిచింది. జెకరయ్య భార్య రిబ్కమ్మ గడపలోంచి చూసింది.

"అక్కా, అటెక్కడికి? అటు మిట్ట!"

"పిడికెడుకే."

"అమ్మో! ఆయన చూస్తే నిన్ను పల్లెలోంచి వెలేస్తాడు!"

"రేపటికి పల్లే ఉండదు గదమ్మా. ఎందులోంచి వెలేస్తాడు?"

రిబ్కమ్మకు నవ్వొచ్చింది. అటు తిరిగి నవ్వుకుంది.

మాటైతే అంది గానీ, మిట్ట ఎక్కుతుంటే దీవెనమ్మకు సలోమి గుర్తొచ్చింది. రేపటి ప్రయాణంలో సలోమికి బండి కావాలంటే, గొడ్లు పోగా పల్లెలో మిగిలిన ఒక్క ఎద్దుబండీ జెకరయ్యదే. ఆయనకి కోపమొస్తే ఆ పిల్ల గతేంటి? అయినా మిట్ట దిగింది.

మిట్ట అవతల గిద్దయ్య ఇంటి ముందు నిలబడి పిలిచింది. "పిడికెడమ్మా, పిడికెడు!"

లోపల ఏదో కింద పడిన చప్పుడైంది. గిద్దయ్య భార్య రూతమ్మ పరుగెత్తుకొచ్చింది. గుమ్మంలో నిలబడి దీవెనమ్మను చూసింది, ఆమె చంకలో కుండను చూసింది. కళ్ళమ్మట నీళ్ళు పెట్టుకుంది.

"ఇన్నేళ్ళకా అక్కా?"

చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. మూలన నడుమెత్తు కాగు ఉంది. దాని మీద గుడ్డ కట్టి ఉంది. రూతమ్మ గుడ్డ విప్పింది. కాగు నిండా బియ్యం.

"రోజూ పిడికెడు తీసి పెడుతూనే ఉన్నా అక్కా. వచ్చి తీసుకెళ్ళే మనిషే లేదు. పాతబడినప్పుడల్లా ఆ బియ్యం మేం వండుకుని, కొత్త బియ్యం కొలిచి పోస్తున్నా. దేవుడి సొమ్ము పురుగు పట్టకూడదు గదా."

దీవెనమ్మ కాగు పక్కన చతికిలబడింది.

గిద్దయ్య పొలంలోంచి వచ్చాడు. "మా అన్న పంపాడా వదినా?"

"లేదు."

"మరెవరు పంపారు?"

"నీ ఇంటి పిడికెడే పిలిచింది నాయనా."

గిద్దయ్య తల గోక్కున్నాడు. "పల్లె లేచిపోతోందని విన్నా. నా బావిలో నీళ్ళున్నాయి. అన్న వచ్చి తోడుకుంటే నేను వద్దనను. కానీ పిలవను. నేనూ మా నాన్న కొడుకునే."

రూతమ్మ దీవెనమ్మ కుండ నిండా బియ్యం పోసింది. ఒక ముంత నీళ్ళు ఇచ్చింది. "తాగక్కా" అంది. దీవెనమ్మ తాగలేదు. "మా సలోమికి తీసుకెళ్తా" అంది. బియ్యం కుండ నెత్తిన పెట్టుకుంది, ముంత చేత్తో పట్టుకుంది. ముంత మీద కొంగు కప్పలేదు.

మిట్ట ఇవతల జెకరయ్య నిలబడి ఉన్నాడు. వెనక పల్లె అంతా ఉంది.

"వదినా, ఆ ముంతలో ఏంటి?"

"నీళ్ళు."

"ఎక్కడివి?"

"నువ్వు మోసిన రాళ్ళ మధ్యవి."

జెకరయ్య మొహం ఎర్రబడింది. "ఎవరు పొమ్మన్నారు నిన్ను?"

"రెండు పొద్దులు దేవుణ్ణి వేరే సంగతి అడిగాను. మూడు పొద్దులూ గిద్దయ్య ఇంటి పిడికెడే గుర్తొచ్చింది. పోయి తెచ్చాను."

పల్లె గుసగుసలాడింది. దీవెనమ్మతో దేవుడు మాట్లాడాడు అన్నారు. ఒక్కసారిగా చుట్టూ మూగారు. "అత్తా, మా సంగతి కూడా అడుగు! వెళ్ళాలా, ఉండాలా? జెకరయ్య వేలు వద్దు, నువ్వు చెప్పు. నువ్వు చెప్పినట్టే చేస్తాం!"

దేవుడు ఉండమన్నాడు అంటే చాలు. ఆ ఒక్క మాటతో పల్లె ఆగిపోతుంది. సలోమి నడవక్కర్లేదు. పురుడు పోయడానికి ఇంటింటికీ ఆడవాళ్ళు ఉంటారు. మాట దీవెనమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. తమ ఇంటి గుమ్మంలో నిలబడి సలోమి ఆమెనే చూస్తోంది.

దీవెనమ్మ మాట మింగేసింది.

"అది నాకు చెప్పలేదు" అంది.

"అడిగితే చెబుతాడుగా!"

"అడిగాను. చెప్పలేదు. దేవుడు అనని మాట అన్నాడని చెబితే, రేపట్నుంచి నా ఎసరు వట్టి వేడినీళ్ళే. నీ ఆకలికి నేను తింటే నీ కడుపు నిండుద్దా? ఎవరి ఎసరు వాళ్ళు పెట్టుకోండి. ఎవరి మెతుకు వాళ్ళు చూసుకోండి."

అని ముంత తీసుకెళ్ళి సలోమి చేతికిచ్చి, కుండ దించి, గడపకొక పిడికెడు చొప్పున గిద్దయ్య ఇంటి బియ్యం అందరికీ పంచింది. జెకరయ్య చెయ్యి చాపలేదు. ఆయన భుజాన ఉన్న తువ్వాలు లాగి, అందులో పిడికెడు పోసి ముడి వేసింది. వదిన కదా, ఆయన ఆ ముడి విప్పి పారెయ్యలేదు.

ఆదివారం తెల్లవారింది. చెలమలో నీటి చుక్క లేదు. అయినా ఇంటింటా పొయ్యి వెలిగింది. పొయ్యిలో నిప్పుంది. చాటలో బియ్యం ఉన్నాయి. కుండలో నీళ్ళు లేవు. పల్లె అంతా ఖాళీ కుండల ముందు కూర్చుంది.

జెకరయ్య కూడా కూర్చున్నాడు. ఎప్పుడూ పొయ్యి ముందు కూర్చున్న మనిషి కాదు. పొగకి కళ్ళు మండాయి. "వెళ్ళాలా, ఉండాలా దేవా?" అని అడిగి నోరు మూసుకున్నాడు. అప్పుడేమైందో తర్వాత ఆయనే దీవెనమ్మతో చెప్పుకున్నాడు. "వదినా, ఏ మాటా రాలేదు. బియ్యం తమ్ముడివి, కుండ ఖాళీ. మొదట వేలు పడ్డ చోటే కళ్ళముందు నిలబడింది. అసలా సంగతి నాకు ఎప్పుడూ తెలుసు. అది కాకుండా ఇంకేదైనా చెబుతాడేమోనని కాగితాలు తిప్పుతున్నానంతే."

జెకరయ్య లేచాడు. తాడు భుజాన వేసుకున్నాడు. చేద పట్టుకున్నాడు. మిట్ట ఎక్కాడు, మిట్ట దిగాడు. పల్లె దూరదూరంగా వెనకే నడిచింది.

గిద్దయ్య బావి ఒడ్డున నిలబడి ఉన్నాడు.

"ఏంటన్నా?"

"దాహంగా ఉందిరా."

"ఈ నీళ్ళు నీ గొంతు దిగవుగా?"

"దిగుతాయో దిగవో చూద్దామని వచ్చా."

గిద్దయ్య అన్న చేతిలో చేద తీసుకున్నాడు. "ఇటు తే. నీకు చేద వెయ్యడం ఎప్పుడొచ్చింది గనక? రాళ్ళకేసి కొడతావు." నీళ్ళు తోడి, అన్న దోసిట్లో పోశాడు. జెకరయ్య గడగడా తాగాడు. పొలమారింది. దగ్గు ఆగలేదు. గిద్దయ్య చప్పున అన్న నడినెత్తి మీద తట్టాడు.

"ఎవరో తలుచుకుంటున్నారన్నా."

"అమ్మేమోరా" అన్నాడు జెకరయ్య.

ఇద్దరూ బావి ఒడ్డునే కూలబడి ఏడ్చారు. పల్లె ఆడవాళ్ళు వాళ్ళను దాటుకుంటూ వెళ్ళి నీళ్ళు తోడుకున్నారు. ఏడుపు చూడ్డానికి తీరికేదీ, ఇళ్ళల్లో పొయ్యిలు వెలుగుతుంటే!

ఆ రోజు తంగేడుపల్లెలో ఇంటింటా ఎసరు మసిలింది. చాలా ఇళ్ళవాళ్ళు ఉండిపోయారు. ఒకటి రెండు ఇళ్ళవాళ్ళు మాత్రం తమ ఎసరు ముందు కూర్చుని, తమకు వెళ్ళడమే తోచిందని చెప్పి, మూటలు కట్టుకుని, బావి నీళ్ళు ముంతల్లో నింపుకుని వెళ్ళారు. వాళ్ళనెవరూ తప్పుపట్టలేదు. ఉన్నవాళ్ళను వాళ్ళూ తప్పుపట్టలేదు.

ఆ వారంలోనే సలోమి ప్రసవించింది. మంత్రసాని పని రూతమ్మే చేసింది. బిడ్డకు మొదటి స్నానం ఆ బావి నీళ్ళతోనే. వానలు ఎప్పుడొచ్చాయో నాకు గుర్తులేదు. వచ్చాయి.

ఆ తర్వాత దీవెనమ్మ చాలా ఏళ్ళు బతికింది. ఒకరోజు పొద్దున్నే ఎసరు పెట్టి పీట మీద కూర్చుంది. ఎసరు మసిలింది. మసిలి మసిలి పొంగింది. పొంగి పొయ్యి ఆరింది. ఆమె లేవలేదు. సలోమి వచ్చి చూసి, కొంగు నోట్లో కుక్కుకుంది. తర్వాత మెల్లగా అంది. "అడిగింది. ఆగింది. అడుగేసింది."

ఆమె సమాధి మీద రాయి లేదు. రాయి వేయించే స్తోమత ఎవరికీ లేదు. కానీ ఇప్పటికీ ఆ వైపు పల్లెల్లో, పెళ్ళి ఖాయం చేసుకోవాలన్నా, ఊరు మారాలన్నా, పొద్దున్నే పొయ్యి మీద ఎసరు పెట్టి ఎదురుగా కూర్చుంటారు. అది మసిలేదాకా ఎవరూ మాట్లాడరు. తొందరపడి మాటిచ్చేవాణ్ణి చూస్తే, "ఎసరు కాగిందా నాయనా?" అంటారు. ముందే నిర్ణయం చేసుకుని తర్వాత ప్రార్థన చేసేవాణ్ణి చూస్తే, "ఇది జెకరయ్య మూడో వేలురా" అని నవ్వుతారు. శనివారం పిడికెడు బియ్యానికి బయలుదేరిన ఆడవాళ్ళు, మొదట తమకు మాటల్లేని ఇంటి ముందే నిలబడి పిలుస్తారు.

కథ అయింది, ఎసరు కాగింది, ఇక బియ్యం పోసుకునే పని మీది.

అమ్మాయ్ కెజియా, నేను చెప్పిందంతా రాసుకున్నావుగా, ఇది మీ నాన్నకు ఒకసారి చదివి వినిపించి పేర్లు సరిచూడవే. జెకరయ్య భార్య రిబ్కమ్మా, రాహేలమ్మా? తమ్ముడి భార్య రూతమ్మే అనుకుంటా, అయినా అడుగు. దీవెనమ్మ పేరు అడగక్కర్లేదు, అది నాకు తెలుసు. రేపెప్పుడైనా అది కూడా నేను తప్పు చెబితే, కుండ పట్టుకుని మిట్ట దాటినామె అని రాయి. అందరికీ తెలుస్తుంది.